నాలుగు రూపాయల వడ్డీ

మీ అమ్మగారికి ఫోన్ చేసి, "అమ్మా, ఒకాయన దగ్గర మూడు లక్షలు అప్పు తెచ్చాను, నూటికి నాలుగు రూపాయల వడ్డీ" అని చెప్పి చూడండి. అవతలి నుంచి ఏం వినపడుతుందో మీకు తెలుసు. "నాలుగు రూపాయలా! అంత అవసరం ఏమొచ్చిందిరా? నా గాజులు తాకట్టు పెట్టయినా సరే, ముందు అది తీర్చేసెయ్." మన ఇళ్లలో బడి మొహం చూడని పెద్దవాళ్లకు కూడా ఈ లెక్క కంఠతా వచ్చు. నూటికి నెలకు రూపాయి అంటే న్యాయమైన వడ్డీ. రెండు రూపాయలంటే గత్యంతరం లేక తెచ్చిన అప్పు. మూడు దాటిందంటే ఆ ఇంటికి పిల్లనివ్వడానికి కూడా ఆలోచిస్తారు.

ఇప్పుడు మీ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ తీయండి. చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నెలకు 3.5 శాతం అని కొన్ని కార్డుల మీద, 3.75 అని మరికొన్నిటి మీద. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. మూడున్నరకు జీఎస్టీ కలిపితే 4.13. అంటే నూటికి నెలకు నాలుగు రూపాయల పదమూడు పైసలు. బ్యాంకు పేరుతో వచ్చింది, ఫోన్‌లో యాప్ ఉంది, పాయింట్లు ఇస్తున్నారు. అందుకే మనకది నాలుగు రూపాయల వడ్డీ అప్పులా కనపడదు. కానీ అదే.

ఈ అధ్యాయం ఎవరికంటే, రెండు మూడు కార్డుల మీద బాకీ ఉండి, ఏ నెలా తప్పకుండా ఎంతో కొంత కడుతూ, అయినా బాకీ ఎందుకు తగ్గడం లేదో అర్థం కాక రాత్రిళ్లు నిద్ర పట్టని వాళ్లకు. మీరు ఎగవేసే మనిషి కాదు. కడుతున్నారు. కట్టేది తప్పు చోటికి పోతోంది, అంతే. ఆ సొమ్మునే సరైన చోటికి మళ్లిస్తే ఏమవుతుందో చూద్దాం.

ముందు లెక్క

మూడు కార్డులు అనుకుందాం. ఒకదాని మీద 1,40,000, రెండోదాని మీద 95,000, మూడోదాని మీద 65,000. మొత్తం 3 లక్షలు. మినిమం డ్యూ సాధారణంగా బాకీలో 5 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి మూడింటికీ కలిపి నెలకు 15,000 కడుతున్నారు. జీతంలో పెద్ద ముక్కే. ఆ నెల వడ్డీ 10,500. దాని మీద జీఎస్టీ 1,890. రెండూ కలిపి 12,390. మీరు కట్టిన 15,000లో అసలుకు చేరింది 2,610 రూపాయలు.

ఇలా నెలకు 15,000 చొప్పున కడుతూ, ఒక్క రూపాయి కూడా కొత్తగా గీకకుండా ఉంటే, బాకీ తీరేది 44వ నెలలో. అప్పటికి వడ్డీ, జీఎస్టీల రూపంలో పోయేది దాదాపు 3,48,000. అసలు కంటే ఎక్కువ. అదీ మీరు 15,000కు కట్టుబడి ఉంటేనే. బాకీ కొంచెం తగ్గితే మినిమం డ్యూ కూడా తగ్గుతుంది, "ఈ నెల 14 వేలే" అని మనసు తేలికపడుతుంది, గడువు ఇంకా సాగుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు ఆ నలభై యాభై రోజుల వడ్డీ లేని గడువు ఉండదు. పొద్దున సూపర్ మార్కెట్లో పాలు, పప్పు కార్డు మీద కొంటే, ఆ పూట నుంచే వాటికీ నాలుగు రూపాయల వడ్డీ మొదలు. "డ్యూ డేట్‌కి ఇంకా నెల ఉంది కదా" అనుకుంటూ గీకుతున్నవాళ్లు ఎంతమందో!

వడ్డీకి హద్దేమీ ఉండదా అని అడుగుతారు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కార్డుల మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వేయడం అనుచితమని తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. కాబట్టి ఎవరో వచ్చి వడ్డీ తగ్గిస్తారని కూర్చుంటే కుదరదు. మనమే అప్పును అక్కడి నుంచి కదిలించాలి.

అదే 3 లక్షలు ఏడాదికి 16 శాతం మీద పర్సనల్ లోన్ తీసుకుని మూడు కార్డులూ ఒక్క రోజున కట్టేశారనుకోండి. రెండేళ్ల గడువుకు ఈఎంఐ 14,689. మీరు ఇప్పటికే కడుతున్న 15,000 లోపే! రెండేళ్లకు మొత్తం వడ్డీ 52,500. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి ఇంకో 7,080 వేసుకోండి. అయినా మిగిలేది రెండు లక్షల ఎనభై వేలకు పైమాటే. జీతం పెరగలేదు, ఖర్చు తగ్గలేదు, నెలనెలా జేబులోంచి పోయేది అంతే.

ఇది విని వెంటనే లోన్ యాప్ తెరవకండి. ఇదే పని తప్పుగా చేసి, లోనూ కార్డులూ రెండూ నెత్తిన పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. వరస ముఖ్యం.

1. నోట్‌బుక్ తెచ్చుకోండి

పిల్లల పాత నోట్‌బుక్ ఏదైనా సరే. ప్రతి కార్డుకూ ఒక వరస. మొత్తం బాకీ, నెల వడ్డీ శాతం, మినిమం డ్యూ, డ్యూ డేట్, ఆ కార్డు లోపల నడుస్తున్న ఈఎంఐలు. ఆ చివరి గడి దగ్గరే అందరూ పొరపాటు చేస్తారు. ఫ్రిజ్‌కో ఫోన్‌కో పెట్టిన ఈఎంఐలో ఇంకా ఎనిమిది నెలలు మిగిలి ఉంటాయి. స్టేట్‌మెంట్లో ఈ నెల కిస్తీ మాత్రమే కనపడుతుంది, మిగతాది కనపడదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "ఈ రోజు కార్డు మొత్తం క్లోజ్ చేయాలంటే ఎంత కట్టాలి?" అని అడగండి. వాళ్లు చెప్పిన అంకె రాసుకోండి. అదీ మీ అసలు బాకీ.

పేమెంట్ యాప్‌లలో, షాపింగ్ యాప్‌లలో "పే లేటర్" అని ఉన్నవీ రాయండి. స్నేహితుడి దగ్గర తెచ్చిన చేబదులూ రాయండి. మూడు లక్షలనుకున్నది మూడు లక్షల అరవై వేలు అవుతుంది. గుండె ఝల్లుమంటుంది. పరవాలేదు, ఈ రాత్రికి అంతకంటే ఏం చేయకండి.

2. ఇంట్లో చెప్పండి

దీన్ని ఆఖర్న కాదు, రెండోదిగా పెట్టడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట నాకూ రెండు కార్డుల మీద బాకీ ఉండేది. పదకొండు నెలలు ఇంట్లో చెప్పలేదు. స్టేట్‌మెంట్లు ఆఫీసు మెయిల్‌కు వచ్చేలా మార్చుకున్నాను. రికవరీ వాళ్లు ఫోన్ చేస్తే బాల్కనీలోకి వెళ్లి మాట్లాడేవాణ్ని. చివరికి ఒక ఆదివారం నోట్‌బుక్ ముందు పెట్టి చెప్పాను. మా ఆవిడ అంకె చూసి, కాసేపు ఊరుకుని, "పదకొండు నెలలు ఇదంతా ఒక్కరే మోశారా?" అంది. ఆ రోజుకు నాకు అన్నం సహించలేదు. కానీ ఆ నెలలోనే ఆవిడ పేరున ఉన్న ఎఫ్‌డీ ఒకటి తీసి ఒక కార్డు తీర్చేశాం. ఆ ఎఫ్‌డీ సంగతి నాకు గుర్తే లేదు.

ఎందుకు చెప్పాలంటే, చవకైన డబ్బు ఎక్కడుందో మీ ఒక్కరికే తెలియదు. బీరువాలో బంగారం, అత్తగారి పేరున డిపాజిట్, మూడేళ్లుగా కడుతున్న చీటీ, మెచ్యూరిటీకి దగ్గరపడ్డ ఎల్‌ఐసీ పాలసీ. ఇవన్నీ ఇంట్లోవాళ్ల నోటి నుంచే బయటికొస్తాయి. ఇంకో కారణం, కార్డు గీకడం ఆగుతుంది కాబట్టి రాబోయే రెండేళ్లు ఇంటి ఖర్చు మారుతుంది. పండగకు బట్టలు తగ్గుతాయి, తిరుపతి ప్రయాణం వాయిదా పడుతుంది. కారణం తెలియని ఇల్లాలు, లేదా కారణం తెలియని భర్త, ఆ మార్పును పిసినారితనం అనుకుంటారు.

"ఏమండీ, మరి నా కార్డు సంగతి?" అని ఆవిడ కూడా తన స్టేట్‌మెంట్ తెచ్చి పక్కన పెట్టవచ్చు. అదీ మంచిదే. నోట్‌బుక్‌లో ఇంకో వరస.

3. ప్రతి వడ్డీనీ రూపాయల్లోకి మార్చండి

ఏడాది శాతాన్ని పన్నెండుతో భాగిస్తే చాలు. 12 శాతం అంటే రూపాయి వడ్డీ. 18 అంటే రూపాయిన్నర. 24 అంటే రెండు రూపాయలు. డ్వాక్రా సంఘంలో ఉన్న మీ పిన్నిని అడిగితే పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతమని ఠక్కున చెబుతుంది. ఎవరు ఏ ఆఫర్ చెప్పినా ముందు ఈ భాషలోకి దించండి.

ఇక్కడ మోసపోయే చోట్లు రెండున్నాయి.

మొదటిది ఫ్లాట్ రేటు. "సార్, మా దగ్గర నెలకు ఒక్క శాతమే, అంటే మీ ఊరి రూపాయి వడ్డీ" అంటాడు ఫోన్ చేసిన కుర్రాడు. లక్ష రూపాయలకు నెలకు వెయ్యి, రెండేళ్లు. వినడానికి బాగానే ఉంది. కానీ నెలనెలా మీరు అసలు కూడా తీరుస్తున్నారు కదా? చివరి నెలలో మీ దగ్గర మిగిలిన అసలు నాలుగు వేలు, వడ్డీ మాత్రం లక్షకు! లెక్క కడితే అది నూటికి రూపాయి ఎనభై పైసలు, ఏడాదికి ఇరవై ఒకటిన్నర శాతం. అందుకే "ఫ్లాటా, రెడ్యూసింగా?" అని అడగండి. ఇంకా నయం, 2024 అక్టోబరు నుంచి లోన్ ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు, ఏపీఆర్, అందులో ఉంటుంది. ఆ ఒక్క అంకెను పన్నెండుతో భాగించండి. మిగతా మాటలు వినక్కర్లేదు.

రెండోది జీఎస్టీ. పర్సనల్ లోన్ వడ్డీ మీద జీఎస్టీ లేదు, ఫీజు మీదే ఉంటుంది. కార్డు బాకీని అదే కార్డులో ఈఎంఐగా మార్చుకుంటే మాత్రం వడ్డీ మీద జీఎస్టీ పడుతుంది. రెండు చోట్లా 16 శాతం అనే చెబుతారు. ఒకటి రూపాయి ముప్పై మూడు పైసలు, రెండోది రూపాయి యాభై ఏడు.

4. ఎక్కడి నుంచి తేవాలి?

నేను చెప్పే వరసలోనే చూడండి, పై నుంచి కిందికి.

మీ పేరున ఎఫ్‌డీ ఉంటే ముందు అది. 7 శాతం వచ్చే డిపాజిట్ పెట్టుకుని 42 శాతం వడ్డీ కట్టడం ఎవరికి లాభం? "అత్యవసరానికి ఉంచుకున్నాం" అంటారు. నాలుగు రూపాయల వడ్డీ కంటే అత్యవసరం ఏముంది? ఒక నెల ఇంటి ఖర్చు మాత్రం ఉంచి మిగతాది తీసేయండి. తీయడం ఇష్టం లేకపోతే దాని మీద లోన్ తీసుకోండి, డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అంతే. ఎల్‌ఐసీ పాలసీ పాతదైతే దాని సరెండర్ విలువ మీదా లోన్ ఇస్తారు.

తర్వాత బంగారం. బంగారం తాకట్టు అనగానే మన ఇళ్లలో పరువు ప్రశ్న వస్తుంది. బ్యాంకులో పెడితే ముప్పావలాకో రూపాయికో అటూ ఇటుగా దొరికే అప్పు ఇది. పెట్టెలో నిద్రపోయే హారం రెండేళ్లు బ్యాంకు లాకర్లో నిద్రపోతుంది. అయితే జాగ్రత్త ఒక చోట కావాలి. చాలా గోల్డ్ లోన్లలో నెలనెలా కట్టే పని ఉండదు, ఏడాది చివర అసలూ వడ్డీ ఒక్కసారి కట్టాలి. ఏడాది ఎంత తొందరగా తిరిగొస్తుందో మనకు తెలుసు. డబ్బు ఉండదు, వడ్డీ కట్టి రెన్యూవల్ చేస్తాం, "ధర పెరిగింది, ఇంకో యాభై వేలు వస్తాయి మేడమ్" అంటారు, తీసుకుంటాం. హారం ఇంటికి రాదు. అందుకని నెలవారీ ఈఎంఐ ఉన్న గోల్డ్ లోనే అడగండి. అది లేకపోతే జీతం పడిన మర్నాడు మీ అంతట మీరే ఆ 15,000 లోన్ ఖాతాలో జమ చేయండి. మధ్యలో కొంత కొంత కట్టవచ్చా అని తాకట్టు పెట్టే ముందే అడిగి తెలుసుకోండి.

చీటీ ఉంటే? రిజిస్టర్ అయిన కంపెనీలో ఇప్పటికే సగం నెలలు కట్టేసిన చీటీ అయితే పాడవచ్చు. ఎంత కోత పోతోంది, ఇంకా ఎన్ని నెలలు కట్టాలి, జామీను ఎవరు అన్నవి చూసుకుని. కార్డు తీర్చడానికని కొత్తగా చీటీ వేసి మొదటి నెలలోనే భారీ కోతకు పాడటం మాత్రం వద్దు. అపార్ట్‌మెంట్లో ఎవరో నడిపే కాగితాలు లేని చీటీ జోలికి అసలే వద్దు.

ఆ తర్వాతే పర్సనల్ లోన్. జీతం పడే బ్యాంకులో ముందు అడగండి. రూపాయి నుంచి రూపాయిన్నర లోపు వస్తే తీసుకోండి. రెండు రూపాయలు అన్నా కూడా నాలుగులో సగమే కదా, లెక్క ఇంకా మీ వైపే ఉంది.

అదీ రాకపోతే బాకీని కార్డులోనే ఈఎంఐగా మార్చడం. కొత్త దరఖాస్తు అక్కర్లేదు, ఒక్క ఫోన్‌తో అవుతుంది.

బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ గురించి ఒక మాట. డాలస్‌లో ఉన్న తమ్ముడు "అన్నయ్యా, నేను ఇంకో కార్డుకు మార్చుకున్నాను, పద్దెనిమిది నెలలు సున్నా వడ్డీ" అని చెప్పి ఉంటాడు. అక్కడ అది నిజమే, మూడు నుంచి ఐదు శాతం ఫీజు తీసుకుని ఏడాది, ఏడాదిన్నర సున్నా వడ్డీ ఇచ్చే కార్డులు అమెరికాలో ఉన్నాయి. మన దగ్గర తక్కువ వడ్డీ దొరికేది చాలా ఆఫర్లలో కొన్ని నెలలే. బోనస్ వచ్చే నెల పడుతుందని కచ్చితంగా తెలిస్తే వాడుకోండి. లేకపోతే ఆ నెలలు గడిచాక మళ్లీ అదే మూడున్నర.

ఇంటి లోన్ మీద టాప్‌అప్ తీసుకోమని కూడా సలహా ఇస్తారు. వడ్డీ చవకే, ముప్పావలా చిల్లర. కానీ నిరుడు హోటల్లో తిన్న బిర్యానీకి పదిహేనేళ్లు వాయిదాలు కట్టాలా? దానికి ఇల్లు హామీగా పెట్టాలా? నాకు మనసొప్పదు. తీసుకున్నా మూడేళ్లలో తీర్చగలిగితేనే.

ఏటీఎంలో ఒక కార్డుతో నగదు తీసి ఇంకో కార్డు కట్టడం, తెలిసిన షాపులో "అన్నా, రెండు పర్సెంట్ ఇస్తా, కార్డు గీకి క్యాష్ ఇవ్వు" అని తిప్పడం, ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు. ఈ మూడూ వద్దు. కార్డులు తిప్పేవాళ్లు నెలనెలా ఆ రెండు శాతాన్నీ బాకీకి కలుపుతూ పోతారు. అది పెరగడమే కానీ తగ్గిన ఇల్లు నేను చూడలేదు.

5. దరఖాస్తు పెట్టే ముందు రిపోర్టు చూసుకోండి

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీసి చూడండి. ఎప్పుడో మూసేసిన కార్డు ఇంకా బాకీ ఉన్నట్టు కనపడితే ముందు అది సరిచేయించుకోండి. తర్వాత ఒకటి రెండు చోట్లే అడగండి. ఒకే వారంలో ఆరు బ్యాంకులకు దరఖాస్తు పెడితే ఆరు ఎంక్వైరీలూ రిపోర్టులో పడతాయి, ఏడో బ్యాంకు మిమ్మల్ని చూసి వెనక్కి తగ్గుతుంది.

6. గడువు దగ్గర తొందరపడకండి

లోన్ మంజూరయింది. "సార్, ఐదేళ్లు పెట్టుకోండి, ఈఎంఐ 7,295 అవుతుంది, హాయిగా ఉంటుంది" అంటారు. పదిహేను వేలు కట్టేవాడికి ఏడు వేలు! ఎవరికి ఆశ పుట్టదు? కానీ అదే 16 శాతం మీద ఐదేళ్లకు వడ్డీ 1,37,700. రెండేళ్లకైతే 52,500. పైగా మిగిలిన ఆ ఏడు వేల ఏడొందలు ఇంట్లో ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు.

మీరు ఇప్పుడు నెలకు ఎంత కడుతున్నారో అంతే కట్టండి. ఉద్యోగం మీద అనుమానం ఉంటేనో, ఇంట్లో ఆపరేషన్ లాంటిది రాబోతుంటేనో మూడేళ్లు పెట్టుకోండి, ఈఎంఐ 10,547 వస్తుంది. ముందే తీరిస్తే ఎంత పెనాల్టీ అన్నది సంతకానికి ముందు అడగండి. పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటు మీద ఉంటాయి కాబట్టి ఫోర్‌క్లోజర్ చార్జీ ఉండే అవకాశం ఎక్కువ. దాన్నీ నోట్‌బుక్‌లో రాయండి.

7. డబ్బు అకౌంట్లో పడిన రోజే

మూడు లక్షలు ఖాతాలో కనపడిన రోజు చాలా ప్రమాదమైన రోజు. "ముందు పాప స్కూలు ఫీజు కట్టేసి, కార్డు వచ్చే నెల చూద్దాం" అనిపిస్తుంది. అనిపించక ముందే మూడు కార్డులూ కట్టేయండి. అదే రోజు, వీలైతే అదే గంటలో.

వచ్చే నెల స్టేట్‌మెంట్ చూసి కంగారు పడకండి. మొత్తం కట్టేశాక కూడా రెండు మూడు వేలు బాకీ అని వస్తుంది. స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన తేదీ దాకా పడిన వడ్డీ అది. "కట్టేశాను కదా, ఇదేదో పొరపాటు" అని వదిలేస్తే దాని మీద లేట్ ఫీజు, ఫీజు మీద జీఎస్టీ, రిపోర్టులో మచ్చ. మూడు లక్షలు తీర్చి రెండు వేల దగ్గర పేరు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సున్నా అని రెండు స్టేట్‌మెంట్లు వరసగా వచ్చేదాకా ఆ కార్డును తీరిందనుకోవద్దు.

8. ఖాళీ అయిన కార్డు

ఈ పని చెడేది ఎక్కువగా ఇక్కడే. లోన్ తెచ్చారు, కార్డులు సున్నా అయ్యాయి, లిమిట్ మొత్తం మళ్లీ పచ్చగా కనపడుతోంది. మూడో నెలలో బావమరిది పెళ్లి. "ఒక్కసారికే" అని గీకుతారు. ఆరు నెలలకు లోన్ ఈఎంఐ ఒక పక్క, కార్డు మినిమం డ్యూ ఇంకో పక్క. ఇంతకుముందు 3 లక్షల అప్పున్న మనిషికి ఇప్పుడు నాలుగున్నర.

ఒక్క కార్డు ఉంచుకోండి, అన్నిటికంటే పాతది. యాప్‌లోకి వెళ్లి దాని వాడకం పరిమితిని మీరు నెలాఖరుకు నగదుగా కట్టగలిగినంతకు తగ్గించండి. ఆన్‌లైన్ వాడకం ఆపేయండి, షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు నంబర్లు తీసేయండి. మిగతా కార్డులు మూసేయమని రాతపూర్వకంగా అడగండి. బాకీ లేని కార్డును అడిగిన 7 పనిదినాల్లో మూసేయాలని, ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయలు మీకు చెల్లించాలని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది. "లైఫ్‌టైమ్ ఫ్రీ చేస్తాం సార్, ఉంచుకోండి" అని మూడుసార్లు అంటారు. మీరు మూడుసార్లూ "వద్దండీ, మూసేయండి" అనండి. స్కోరు కొద్దిగా తగ్గుతుందని భయపెడతారు. తగ్గినా కొన్నాళ్లకు కోలుకుంటుంది.

ఎక్కడా అప్పు పుట్టకపోతే?

ఇప్పటికే రెండు మూడు నెలలు తప్పిపోయి, స్కోరు పడిపోయి, ఏ బ్యాంకూ లోన్ ఇవ్వడం లేదా? దారి మూసుకుపోలేదు. కార్డు ఇచ్చిన బ్యాంకుకే మెయిల్ రాయండి. జీతం ఇంత, ఇంటి ఖర్చు ఇంత, నెలకు ఇంత కట్టగలను, బాకీని ఈఎంఐగా మార్చండి అని అంకెలతో రాయండి. ఫోన్లో బతిమాలడం కంటే రాతలో అడగడం గట్టిగా ఉంటుంది. ఒప్పుకోకపోతే అన్ని కార్డులకూ మినిమం కట్టి, మిగిలిన ప్రతి రూపాయీ అన్నిటికంటే చిన్న బాకీ మీద పెట్టండి. లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీర్చాలి. కానీ మన కార్డుల వడ్డీల్లో తేడా చాలావరకు పావలా మించదు, ఒక కార్డు పూర్తిగా పోయిన రోజు వచ్చే బలం అంతకంటే విలువైనది.

"సగం కడితే చాలు, సెటిల్‌మెంట్ చేయిస్తాం" అని ఫోన్ చేసే ఏజెన్సీలకు ముందుగా ఫీజు కట్టకండి. సెటిల్ చేసుకున్న ఖాతా రిపోర్టులో "సెటిల్డ్" అనే ఏళ్ల తరబడి ఉంటుంది, రేపు ఇంటి లోన్‌కు వెళ్తే అదే అడ్డం పడుతుంది. నిజంగా వేరే దారి లేనివాళ్లకు అది ఆఖరి మెట్టు.

రికవరీ వాళ్ల ఫోన్లకు భయపడి సిమ్ మార్చకండి. పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని, మీ బంధువులనూ స్నేహితులనూ వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే స్పష్టంగా చెప్పింది. చేస్తే తేదీ, సమయం రాసిపెట్టుకుని బ్యాంకుకు ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు పెట్టవచ్చు, రుసుమేమీ ఉండదు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు.

ఆఖరి వాయిదా కట్టాక

బాకీ లేదన్న లెటర్ అడిగి తీసుకోండి. గోల్డ్ లోన్ అయితే నగలు ఇంటికి తెచ్చుకుని, తాకట్టు రసీదులోని బరువుతో సరిచూసుకోండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి క్రెడిట్ సంస్థలకు సమాచారం పంపాలి. కాబట్టి నెల తిరిగాక రిపోర్టు తీసి లోన్ "క్లోజ్డ్" అని ఉందో లేదో చూడండి. ఆ తర్వాతి నెల నుంచి అదే తేదీకి, అదే 14,689 ఒక రికరింగ్ డిపాజిట్‌కు పోయేలా పెట్టండి. రెండేళ్లుగా అది లేకుండా బతకడం మీ ఇంటికి అలవాటే కదా.

ఇక ఉంచుకున్న ఆ ఒక్క కార్డు సంగతి. దాని ఆటోపే సెట్టింగ్ తెరవండి. చాలామందికి అక్కడ టిక్ "మినిమం అమౌంట్ డ్యూ" ఎదురుగా ఉంటుంది. ఎప్పుడు పెట్టారో వాళ్లకే గుర్తుండదు. దాన్ని "టోటల్ అమౌంట్ డ్యూ"కు మార్చి, సేవ్ నొక్కి, మళ్లీ ఒకసారి తెరిచి మారిందో లేదో చూసుకోండి.